పాఠం 12: భారత రక్షణ దళాలు – సుస్థిరాభివృద్ధి: చారిత్రక పరిశీలన

12.1 పరిచయం

చరిత్ర పాఠాలలో సైన్యం సాధారణంగా యుద్ధాల సందర్భంలోనే కనిపిస్తుంది. పానిపట్టు, ప్లాసీ, బొబ్బిలి అంటాం. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎందుకు అని చదువుతాం. కాని సైన్యం యుద్ధం చేసే రోజులు తక్కువ, చేయని రోజులు ఎక్కువ. ఆ మిగిలిన కాలంలో అది ఏ నీళ్లు తాగింది, ఏ ఇంధనం కాల్చింది, ఎంత భూమిని తన అధీనంలో ఉంచుకున్నది, వదిలిన చెత్త ఎక్కడికి పోయింది అనే ప్రశ్నలు మన పాఠ్యగ్రంథాలలో అరుదు. ఈ పాఠంలో ఆ ప్రశ్నలు వేద్దాం.

సుస్థిరాభివృద్ధి అనే పదాన్ని మీరు ఇంతకుముందు పాఠాలలో చదివారు. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకొనే శక్తికి భంగం కలగకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడం అనే అర్థంలో 1987లో బ్రంట్లాండ్ కమిషన్ నివేదిక దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ కమిషన్‌లో మన దేశం నుంచి నాగేంద్ర సింగ్ సభ్యుడిగా ఉన్నారు. ఈ భావనను సైన్యానికి వర్తింపజేసినప్పుడు రెండు వేర్వేరు పనులను ఒకటిగా పొరబడే ప్రమాదం ఉంది. సైన్యం తన అసలు పనికి పక్కగా మొక్కలు నాటడం ఒకటి. తన అసలు పనినే, అంటే స్థావరాలు, రవాణా, శిక్షణ, మోహరింపులను, ప్రకృతికి తక్కువ హాని కలిగే విధంగా మార్చుకోవడం మరొకటి. మొదటిది తేలిక, ఫొటోలకు అనువైనది. రెండవది కష్టం. ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఏ ఉదాహరణ ఏ కోవకు చెందుతుందో మీరే నిర్ణయించుకుంటూ వెళ్లండి.

12.2 వలస పాలనలో సైన్యం, ప్రకృతి వనరులు

భారతదేశంలో ప్రభుత్వ అటవీ పాలనకు తొలి బీజం సైనిక అవసరంలోనే పడింది. నెపోలియన్‌తో యుద్ధాలు సాగుతున్న రోజుల్లో బ్రిటిష్ నౌకాదళానికి ఓక్ కలప కొరత ఏర్పడింది. వారి దృష్టి మలబారు టేకు మీద పడింది. ఉప్పునీటిలో దశాబ్దాలపాటు నిలిచే ఈ కలపతో బొంబాయి ఓడల కర్మాగారంలో యుద్ధనౌకలు తయారయ్యాయి. 1817లో అక్కడ నిర్మించిన ట్రింకోమలీ అనే నౌక నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటిమీద తేలుతూనే ఉన్నదంటే ఆ టేకు నాణ్యతను ఊహించుకోవచ్చు.

ఈ సరఫరా ఆగిపోకుండా చూడడానికి 1806లో కెప్టెన్ వాట్సన్ అనే అధికారిని మలబారుకు అటవీ సంరక్షకుడిగా నియమించారు. పేరుకు సంరక్షణే అయినా ఆచరణలో జరిగింది గుత్తాధిపత్యం. రైతులు, కలప వర్తకులు తమ సొంత భూమిలోని చెట్టును కూడా కొట్టుకోలేని స్థితి వచ్చింది. ఫిర్యాదులు పెరిగాయి. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. దత్త మండలాలలో కలెక్టరుగా పనిచేసిన మన్రో రాయలసీమ విద్యార్థులకు కొత్తవాడు కాదు, రైత్వారీ పద్ధతి పాఠంలో ఆయన్ను చదివారు. 1823లో ఆ పదవి రద్దయింది. అడవి తరగడం మాత్రం ఆగలేదు. 1840 దశకంలో కలెక్టరు కానలీ నిలంబూరులో టేకు తోటలు పెంచడం ప్రారంభించాడు. 1864లో అటవీ శాఖ ఏర్పడేనాటికి నౌకలతోపాటు రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల గిరాకీ కూడా వచ్చి చేరింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అడవి నుంచి ఏటా ఎంత కలప తీస్తే అంత తిరిగి పెరుగుతుంది అనే లెక్క నేటి సుస్థిరత భావనకు పూర్వరూపం. ఆ లెక్క వేయడానికి కారణం అడవి మీద ప్రేమ కాదు, నౌకాదళానికి రేపు కూడా కలప కావాలన్న అవసరం. ఆ లెక్కలో అడవి పక్కన నివసించేవారి వంటచెరకుకు, పశువుల మేతకు చోటు లేదు. ఈ లోపం తరువాతి శతాబ్దంలో కూడా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

రెండవ ఉదాహరణ కంటోన్మెంట్లు. 1765లో బారక్‌పూర్‌తో మొదలైన ఈ దండు ప్రదేశాలు 19వ శతాబ్దం నాటికి దేశమంతటా వ్యాపించాయి. సికందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన సికింద్రాబాదు వాటిలో పెద్దది. 1857 తరువాత బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోని తన సైనికుల ఆరోగ్యంపై ఒక రాయల్ కమిషన్ వేసింది. దాని గణాంకాల విశ్లేషణలో ఫ్లోరెన్స్ నైటింగేల్ కీలక పాత్ర వహించింది. 1863 నివేదిక ప్రకారం ఇక్కడి యూరోపియన్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. వారిలో అత్యధికులను చంపింది శత్రువు కాదు. కలరా, జ్వరాలు, విరేచనాలు. అంటే మురికి నీరు, మురుగు కాలువలు. దాంతో నీటి సరఫరా, మురుగు పారుదల, గాలి వెలుతురు ఉండే బారకులు సైనిక పాలనలో ప్రధాన విషయాలయ్యాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్ సైన్యంలో పనిచేసే వైద్యుడే. అయితే ఈ శుభ్రత కంటోన్మెంటు హద్దురాయి దగ్గర ఆగిపోయింది. హద్దుకు అవతలి బస్తీకి ఆ కాలువలు రాలేదు. మన నగరాలలో కంటోన్మెంటు పచ్చగా, పక్క బస్తీ ఇరుకుగా కనిపించడానికి ఒక కారణం ఇదే.

మూడవది సైనిక పాడి క్షేత్రాలు. కల్తీలేని పాల కోసం 1889లో అలహాబాదులో మొదటిది నెలకొల్పారు. స్వాతంత్ర్యం తరువాత భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి ఫ్రీస్వాల్ అనే సంకరజాతి ఆవును ఇవి అభివృద్ధి చేశాయి. మార్కెట్లో పాలు సులభంగా దొరికే కాలం రావడంతో 2021 మార్చి 31న, 132 సంవత్సరాల తరువాత, ఈ విభాగాన్ని మూసివేశారు. ప్యారడైజ్ కూడలి నుంచి ఎలివేటెడ్ కారిడార్ వేస్తున్న మార్గంలో డెయిరీ ఫారం రోడ్డు అనే పేరు హైదరాబాదు విద్యార్థులు వినే ఉంటారు.

12.3 చట్టాలు, ఒప్పందాలు

1972లో స్టాక్‌హోంలో మానవ పర్యావరణ సదస్సు జరిగింది. ఆతిథ్య దేశ ప్రధాని కాకుండా అక్కడికి వెళ్లి ప్రసంగించిన ఏకైక ప్రభుత్వాధినేత ఇందిరా గాంధీ. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 48ఎ, 51ఎ(జి) అధికరణలు వచ్చాయి. 1980లో అటవీ సంరక్షణ చట్టం, అదే ఏడు కేంద్రంలో పర్యావరణ శాఖ వచ్చాయి. వియత్నాంలో అమెరికా విమానాలు అడవుల ఆకు రాల్చే రసాయనాలు చల్లిన అనుభవం నుంచి, ప్రకృతిని ఆయుధంగా వాడరాదనే అంతర్జాతీయ ఒప్పందం 1976లో రూపొందింది. భారతదేశం 1978 నుంచి అందులో భాగస్వామి.

వాతావరణ ఒప్పందాలలో మాత్రం సైన్యాలకు తలుపు తెరిచే ఉంచారు. 1997 క్యోటో చర్చలలో, ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం జరిగే బహుళ దేశాల సైనిక చర్యల ఉద్గారాలను దేశాల లెక్కలలో చేర్చనక్కరలేదని నిర్ణయించారు. 2015 పారిస్ ఒప్పందం ఈ మినహాయింపును కొనసాగించలేదు, అలాగని సైనిక ఉద్గారాలను విడిగా ప్రకటించాలని నిర్బంధించనూ లేదు. అందువల్ల ప్రపంచంలోని చాలా సైన్యాలు ఎంత ఇంధనం కాలుస్తున్నాయో సామాన్య పౌరుడికి తెలిసే మార్గం లేదు.

12.4 ఎకలాజికల్ టాస్క్ ఫోర్స్

భారత సైన్యం ఈ రంగంలో చేసిన ప్రయోగాలలో చరిత్రకారులు ఎక్కువగా ప్రస్తావించేది ఇదే కాబట్టి కొంత వివరంగా చూద్దాం.

1970 దశకం చివరికి హిమాలయ పాదప్రాంతాల స్థితి దయనీయంగా ఉంది. డెహ్రాడూన్ – ముస్సోరీ కొండలలో సున్నపురాయి క్వారీలు కొండలను కోసివేశాయి. ఊటలు ఎండిపోయాయి. వానాకాలంలో రాళ్లూ మట్టీ పొలాల మీదికి దిగేవి. గఢ్వాల్‌లో 1973లో మొదలైన చిప్కో ఉద్యమం దేశం దృష్టిని ఆకర్షించింది. హరిత విప్లవంతో పేరుపొందిన నార్మన్ బోర్లాగ్, ఇలాంటి భూముల పునరుద్ధరణకు సైన్యాన్ని వినియోగించవచ్చని ఇందిరా గాంధీకి సూచించారని చెబుతారు. ఫలితంగా 1982 డిసెంబరు 1న గఢ్వాల్ రైఫిల్స్‌కు అనుబంధంగా 127వ పదాతి బెటాలియన్ ఏర్పడింది.

ఇది సాధారణ సైనిక బెటాలియన్ కాదు. టెరిటోరియల్ ఆర్మీలో భాగం. 1949లో ప్రారంభమైన టెరిటోరియల్ ఆర్మీ అంటే, వేరే వృత్తులలో ఉంటూ అవసరమైనప్పుడు సేవలందించే పౌర సైన్యం. కాని 127వ బెటాలియన్‌లో చేరినవారు ప్రధానంగా మాజీ సైనికులు. గఢ్వాల్ ఆర్థిక జీవితం తెలిసినవారికి ఇందులోని తెలివి అర్థమవుతుంది. అక్కడ కొండ పొలాల మీద కుటుంబం గడవదు. యువకులు సైన్యంలో చేరి ఇంటికి మనియార్డర్లు పంపేవారు. సిపాయిగా చేరినవాడు నలభై ఏళ్లయినా నిండకుండానే పింఛనుతో ఊరికి తిరిగి వచ్చేవాడు. ఒంట్లో శక్తి ఉంటుంది, పని ఉండదు. కొండ ఎక్కడం, గుడారంలో ఉండడం, వేళకు లేవడం అతనికి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పైగా పునరుద్ధరించాల్సిన కొండ అతని సొంత కొండ.

పని విధానం ఇలా ఉంటుంది. రాష్ట్ర అటవీ శాఖ స్థలాన్ని, సాంకేతిక సలహాను ఇస్తుంది. బెటాలియన్ గోతులు తవ్వి, చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు కట్టి, మొక్కలు నాటి, తరువాత కొన్నేళ్లపాటు అక్కడే విడిది చేసి కాపలా కాస్తుంది. నిర్వహణ, క్రమశిక్షణ సైన్యానివి. జీతభత్యాలు, మొక్కల ఖర్చు మాత్రం పర్యావరణ మంత్రిత్వ శాఖ, రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత. మన దేశంలో వనమహోత్సవాలకు కొదవ లేదు. జూలైలో నాటిన మొక్క మరుసటి మే నెలలో ఉన్నదా అని చూసేవారికే కొదవ. ఈ బెటాలియన్ ప్రత్యేకత నాటడంలో కంటే ఆ రెండవ పనిలో ఉందని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

ఇదే సమయంలో డెహ్రాడూన్ క్వారీలపై ఒక స్వచ్ఛంద సంస్థ 1983లో రాసిన లేఖను సుప్రీంకోర్టు రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. 1985 మార్చి 12 నాటి ఉత్తర్వులో అనేక క్వారీల మూసివేతకు ఆదేశించింది. మన దేశంలో పర్యావరణానికీ అభివృద్ధికీ మధ్య తూకాన్ని కోర్టు సూటిగా ఎదుర్కొన్న తొలి కేసులలో ఇది ఒకటి. క్వారీలు మూతపడితే కూలీల గతి ఏమిటన్న ప్రశ్న రాగా, ఎకలాజికల్ టాస్క్ ఫోర్స్ చేపట్టే అడవుల పెంపకం, నేల పరిరక్షణ పనులలో వారికి వీలైనంతవరకు ఉపాధి చూపాలని కోర్టు సూచించింది. ఒక సైనిక విభాగం పేరు పర్యావరణ తీర్పులో ఉపాధి మార్గంగా కనిపించడం అరుదైన సంగతి.

తరువాత ఇలాంటి విభాగాలు మరికొన్ని వచ్చాయి. 1983లో రాజస్థాన్ ఎడారికి 128వ బెటాలియన్ ఏర్పడింది. ఇందిరా గాంధీ కాలువను ఇసుక దిబ్బలు పూడ్చివేయకుండా, దిబ్బలు కదలకుండా చెట్ల పట్టీలు పెంచడం దాని పని. జమ్మూ, కుమావూన్, హిమాచల్, అస్సాం ప్రాంతాలకూ విభాగాలు వచ్చాయి. 2000లో ఏర్పడిన 132వ బెటాలియన్ ఢిల్లీ అంచున భట్టి గనుల తవ్వకాలతో గుంతలుపడిన భూమిలో పనిచేసింది. గంగా నది శుద్ధి కోసం ప్రయాగరాజ్ కేంద్రంగా ఒక విభాగం ఏర్పడింది.

విమర్శ కూడా చెప్పుకోవాలి. కాపలా అంటే పశువులను రానివ్వకపోవడం. కొండ గ్రామాలలో గడ్డి, కట్టెలు తెచ్చేది స్త్రీలు. ఒక వాలును మూసివేస్తే వారు మరో వాలుకు, ఇంకా దూరం నడవాలి. కాబట్టి గ్రామస్థులతో ముందే మాట్లాడుకొని, గడ్డి కోతకు వీలు కల్పించి, స్థానికులకు పనికివచ్చే జాతులు నాటినచోట చెట్లు నిలుస్తాయి. లెక్క కోసం నాటినచోట లెక్కే మిగులుతుంది. పైగా ఈ మొత్తం ప్రయోగం ప్రారంభంలో చెప్పుకొన్న మొదటి కోవకే చెందుతుంది. మాజీ సైనికులు కొండను పునరుద్ధరిస్తున్నారు. అదే సమయంలో క్రియాశీల సైన్యం తన పద్ధతులను మార్చుకున్నదా అన్న ప్రశ్న అలాగే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. మలబారులో అటవీ సంరక్షకుడి పదవి ఎందుకు రద్దయింది?
2. 127వ బెటాలియన్‌లో మాజీ సైనికులను చేర్చుకోవడం వల్ల కలిగిన ప్రయోజనాలేవి?

12.5 ఇంధనం, చెత్త: సియాచిన్ అనుభవం

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో భారత సైన్యం సియాచిన్ హిమానీనదంపై మోహరించింది. అక్కడ వంట, వెచ్చదనం, మంచు కరిగించి తాగునీరు చేసుకోవడం, అన్నీ కిరోసిన్ మీదే. ఒక్కో డబ్బానూ కింది నుంచి చేరవేయాలి, పై శిబిరాలకు హెలికాప్టరే దిక్కు. ఖాళీ డబ్బా కిందికి రాదు, ఎందుకంటే దాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం ఖర్చవుతుంది. ఆ చలిలో ఏదీ కుళ్లదు. దశాబ్దాల చెత్త, మానవ వ్యర్థాలు మంచులో ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. కాని హిమానీనదం కదులుతుంది, కరుగుతుంది. దాని నీరు నుబ్రా నదిగా పారి, ష్యోక్‌లో కలిసి, సింధు నదికి చేరుతుంది. శిఖరం మీద వేసిన చెత్త లోయలో తాగే నీటి సమస్య అవుతుంది.

ఈ కష్టం నుంచే ఒక ఉపయోగకరమైన ఆవిష్కరణ వచ్చింది. చలిలోనూ పనిచేసే బాక్టీరియాతో మానవ వ్యర్థాలను నీరుగా, వాయువుగా మార్చే బయో డైజెస్టర్‌ను డీఆర్‌డీవో శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇందుకు అంటార్కిటికా నుంచి తెచ్చిన సూక్ష్మజీవులను వాడుకున్నారు. సైనికుల కోసం పుట్టిన ఈ పరిజ్ఞానాన్నే తరువాత రైల్వే శాఖ స్వీకరించింది. ఇవాళ మీరు రైలు ఎక్కినప్పుడు మరుగుదొడ్డి కింద పట్టాలు కనిపించకపోవడానికి మూలం అదే. 2018 నుంచి సియాచిన్ చెత్తను కిందికి దించే కార్యక్రమం చేపట్టి, సుమారు 130 టన్నులు తొలగించినట్లు సైన్యం 2019లో తెలిపింది.

ఇంధనం విషయంలో ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతుంది. 2007లో ఆఫ్ఘానిస్థాన్‌లో ప్రతి 24 ఇంధన వాహన శ్రేణులకు ఒకరు చొప్పున చనిపోవడమో గాయపడడమో జరిగిందని అమెరికా సైన్యానికి చెందిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే డీజిల్ ఆదా చేయడం అక్కడ సద్గుణం కాదు, ప్రాణరక్షణ. సౌరశక్తి మీద సైన్యాలకు పెరిగిన ఆసక్తిని ఈ కోణం నుంచి అర్థం చేసుకోవాలి. మన నౌకాదళం 2017లో సర్వే నౌక ఐఎన్ఎస్ సర్వేక్షక్‌పై 5.4 కిలోవాట్ల సౌర వ్యవస్థను అమర్చింది. ఇది చాలా చిన్నది, కొన్ని ఇళ్ల పైకప్పుల మీద ఉండేంత. 2020లో కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో 3 మెగావాట్ల కేంద్రం ప్రారంభమైంది. 2023 మార్చిలో సరిహద్దు శిబిరాలకు సౌర, హైడ్రోజన్ విద్యుత్తు అందించేందుకు సైన్యం ఎన్‌టీపీసీ అనుబంధ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇవన్నీ రెండవ కోవకు చెందినవి. సైనిక అవసరం, పర్యావరణ అవసరం ఒకే దిక్కుకు చూసినప్పుడు మార్పు వేగంగా వస్తుందని ఇవి చూపుతాయి.

12.6 భూమి: అవసరాలు ఎదురుపడినప్పుడు

రెండు అవసరాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు కథ వేరు. కాశ్మీరులోని తోసా మైదాన్ ఎత్తయిన పచ్చిక బయలు. చుట్టుపక్కల పశుపోషకులకు అదే మేత. 1964లో దాన్ని ఫిరంగి శిక్షణకు కౌలుకిచ్చారు. అర్ధశతాబ్దంలో పేలకుండా మిగిలిన గుండ్లు తాకి అనేకమంది గ్రామీణులు చనిపోయారు, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు. గ్రామస్థుల ఉద్యమం తరువాత 2014లో కౌలు ముగిసింది, పొడిగించలేదు. అప్పుడు సైన్యమే ఆ నేలను వెతికి గుండ్లను తొలగించే పని చేపట్టింది. జార్ఖండ్‌లోని నేతర్‌హాట్‌లో ఫిరంగి శిక్షణ క్షేత్రానికి వ్యతిరేకంగా ఆదివాసులు మూడు దశాబ్దాలు పోరాడారు.

చార్‌ధామ్ రహదారి మరింత చిక్కైన ఉదాహరణ. కొండల స్థిరత్వాన్ని దృష్టిలో ఉంచుకొని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రోడ్డు వెడల్పును 5.5 మీటర్లకు పరిమితం చేసింది. చైనా సరిహద్దుకు దళాలను, భారీ ఆయుధాలను చేర్చాలంటే అది చాలదని రక్షణ మంత్రిత్వ శాఖ వాదించింది. 2021 డిసెంబరు 14న కోర్టు వ్యూహాత్మక మార్గాలలో వెడల్పు రోడ్డుకు అనుమతిచ్చి, పర్యవేక్షణకు ఒక సంఘాన్ని వేసింది. 127వ బెటాలియన్ మొక్కలు నాటిన మానా గ్రామం బదరీనాథ్‌కు అవతల, ఈ దారి చివరే ఉంది. ఒకే గఢ్వాల్‌లో ఒక సైనిక విభాగం వాలును నిలబెట్టడానికి రాళ్లు పేరుస్తుంటే, దేశరక్షణ పేరుతోనే మరో వాలును తొలుస్తున్నారు. ఇందులో ఎవరినీ అబద్ధాలకోరు అనలేం. 2020 వేసవిలో గల్వాన్‌లో జరిగింది చూసినవారు రోడ్డు అక్కర్లేదనలేరు. కాని రెండు పనులూ ఒకే ప్రణాళికలో లేవన్నది స్పష్టం. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ, అంతర్జాతీయ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు చేపట్టే జాతీయ ప్రాముఖ్యం గల వ్యూహాత్మక రహదారులు, లైన్ల వంటి వాటిని ఆ చట్టపు అనుమతుల నుంచి మినహాయించింది. అంటే తూకం వేసే సందర్భమే తగ్గింది.

ఈ ప్రశ్న సరిహద్దుల్లోనే లేదు. సముద్ర గర్భంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపే అతి తక్కువ పౌనఃపున్య రేడియో ప్రసార కేంద్రం మొదటిది తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఉంది. రెండవదానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిని నౌకాదళం ఎంచుకుంది. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిలో ఈ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. మూసీ నది పుట్టే అనంతగిరి కొండల ప్రాంతం ఇదే. చెట్ల నష్టం, నీటి ఊటలు, అడవిలోని రామలింగేశ్వరస్వామి ఆలయానికి దారి, పశువుల మేత గురించి స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరాలు లేవనెత్తారు. జలాంతర్గాములతో సంబంధం దేశరక్షణకు అత్యవసరమని, భూమిలో అధికభాగం చెట్లతోనే ఉంటుందని, ప్రత్యామ్నాయంగా మొక్కలు పెంచుతామని ప్రభుత్వం చెప్పింది. కంచె లోపల అడవి నిలవవచ్చు. మన కంటోన్మెంట్ల పచ్చదనం అందుకు సాక్ష్యం. కాని కంచె బయటివారికి ఆ అడవితో ఉన్న సంబంధం ఏమవుతుందన్నది 1823లో మన్రో ముందుకు వచ్చిన ప్రశ్నే.

అభ్యాసం

1. సైనిక అవసరం పర్యావరణ పరిరక్షణకు తోడ్పడిన రెండు సందర్భాలను, అడ్డుపడిన రెండు సందర్భాలను ఎంచుకొని 30 పంక్తులలో చర్చించండి.
2. మీ జిల్లాలో రక్షణ శాఖ అధీనంలోని భూమి, కర్మాగారం లేదా శిక్షణ కేంద్రం ఏదైనా ఉంటే, దాని హద్దుకు ఆనుకొని ఉన్న గ్రామంలో నీరు, మేత, ఉపాధి విషయంలో వచ్చిన మార్పులను పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.
3. సైన్యాలు తమ ఇంధన వినియోగాన్ని ప్రకటించాలనే వాదనకు అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న కారణాలను 15 పంక్తులలో రాయండి.